నాలుగు వోల్టుల సెల్లు, టార్చిలైటు గొట్టం

ప్రశ్న: నేను విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. అమెరికాలోని టెక్సాస్‌లో చదువుతున్న మా అబ్బాయికి ఎలక్ట్రానిక్ సిగరెట్టు అలవాటైంది. అంగట్లో కొన్నది చాలడం లేదని, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన సెల్లును టార్చిలైటు గొట్టంలో పెట్టి, చిన్న బటన్ స్విచ్చి బిగించి సొంతంగా ఒకటి తయారు చేసుకున్నాడు. వీడియో కాల్‌లో అది చూసి నేను కంగారుపడితే, ‘నాన్నా, నువ్వు పదకొండు వేల వోల్టుల లైన్ల మీద పనిచేశావు, ఇది నాలుగు వోల్టులే కదా’ అన్నాడు. ఆ మాటకు నాకు వెంటనే జవాబు తోచలేదు. నిజంగా ప్రమాదం ఉందా? సంక్రాంతికి ఇంటికి వచ్చేటప్పుడు దానిని వెంట తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ప్రమాదం ఉంది, అది చిన్నది కాదు. మీ అబ్బాయి మాటకు సమాధానం మీ వృత్తిలోనే దొరుకుతుంది. నాలుగు వోల్టులు మనిషికి షాక్ కొట్టవన్నది నిజమే. అయితే వెల్డింగ్ చేసేటప్పుడు ఆర్క్ దగ్గర ఉండే వోల్టేజి ఇరవై, ముప్పై వోల్టుల ప్రాంతంలోనే ఉంటుందని, అయినా ఇనుము కరిగి కారుతుందని మీకు తెలుసు. అక్కడ పని చేసేది ఆంపియర్లు, అంటే ప్రవహించే కరెంటు. ఈ పరికరంలోనూ అంతే.

లెక్క చూడండి. వోల్టులను నిరోధంతో, అంటే ఓములతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. నిండా చార్జి అయిన లిథియం సెల్లు 4.2 వోల్టులు ఇస్తుంది. చైనాకు చెందిన ఫార్మసిస్టు హాన్ లిక్ 2003లో ఈ సిగరెట్టుకు రూపమిచ్చిన తరువాత వచ్చిన తొలి పరికరాలలో కాయిల్ (నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేసే తీగచుట్ట) నిరోధం రెండు మూడు ఓములు ఉండేది కనుక, కరెంటు రెండు ఆంపియర్లకు అటూ ఇటూగా ఉండేది. వాటిలోని సన్నని బ్యాటరీలు త్వరగా అయిపోవడంతో ఔత్సాహికులు 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే 18650 రకం సెల్లును టార్చిలైటు గొట్టాలలో అమర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ కుతూహలాన్ని నేను తప్పుపట్టను. కానీ ఎక్కువ పొగ కోసం కాయిల్ నిరోధాన్ని తగ్గించుకుంటూ పోవడంతో కథ మారింది. అర ఓము కాయిల్ 8.4 ఆంపియర్లు లాగుతుంది, అంటే 35 వాట్లు. ఇది రేడియో మెకానిక్కుల దగ్గర ఉండే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ. 0.2 ఓములైతే 21 ఆంపియర్లు. ల్యాప్‌టాప్‌లో కొన్ని సెల్లులు భారాన్ని పంచుకుంటూ గంటల తరబడి నెమ్మదిగా ఖర్చయ్యేవి. వాటిపై ఒక రక్షణ సర్క్యూట్ నిఘా ఉండేది. సెల్లును విడదీసి తెచ్చినప్పుడు ఆ సర్క్యూట్ ల్యాప్‌టాప్ బ్యాటరీలోనే ఉండిపోతుంది. పైగా సెల్లు పాతబడేకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది కాబట్టి, అదే కరెంటుకు అది మరింత వేడెక్కుతుంది.

ఇక స్విచ్చి సంగతి. సెల్లు గురించి మాట్లాడేవారు చాలామందే ఉన్నారు గానీ, స్విచ్చిని ఎవరూ పట్టించుకోరు. నాకు ఎక్కువ భయం దాని గురించే. ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో దొరికే చిన్న నొక్కుడు బటన్లు సాధారణంగా 12 వోల్టుల వద్ద 50 మిల్లీ ఆంపియర్లకు తయారైనవి. వాటి గుండా ఎనిమిది ఆంపియర్లు పంపడమంటే నూట అరవై రెట్ల భారం మోపడమే. కాంటాక్టులు నిప్పురవ్వలతో గుంటలు పడి, ఒకనాడు అతుక్కుపోతాయి. కంపెనీ తయారీలో బటన్ కేవలం సంకేతం ఇస్తుంది. అసలు కరెంటును మోసేది ట్రాన్సిస్టరు, దానిని నడిపే సర్క్యూట్ నిరోధాన్ని కొలిచి, షార్ట్ ఉంటే ఆపేస్తుంది, బటన్‌ను పది సెకన్లో అంతకంటే కాస్త ఎక్కువో నొక్కి ఉంచితే తానే తెగ్గొడుతుంది. ఇంట్లో చేసినదానిలో ఆ కాపలా ఏదీ లేదు. బటన్ జేబులో నొక్కుకుపోయినా, కాంటాక్టు అతుక్కున్నా ఆపేవారు ఉండరు. లూజు కాంటాక్టు వల్ల లగ్గులు (తీగల చివర బిగించే లోహపు కొనలు) మాడిపోవడం ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర మీరు ఎన్నిసార్లు చూసి ఉంటారో! ఇక్కడ లూజు కాంటాక్టు దగ్గర 0.05 ఓము నిరోధం చాలు, సెల్లుకు ఆనుకుని మూడు వాట్ల వేడి పుట్టడానికి.

సెల్లు లోపల రెండు ధ్రువాలను వేరుగా ఉంచే పల్చని పొర కరిగి లోపలే షార్ట్ అయితే, వేడి తనకు తానే పెరుగుతూ, మండే స్వభావం ఉన్న ద్రావకం వాయువుగా మారుతుంది. వాయువు బయటపడే రంధ్రాలు లేని లోహపు గొట్టంలో అది జరిగితే ఏమవుతుందో దీపావళి టపాకాయలు చుట్టేవారికి తెలుసు: ఎంత బిగిస్తే అంత పేలుడు. అమెరికా అగ్నిమాపక పరిపాలన సంస్థ 2009 నుంచి 2016 వరకు పత్రికలలో వచ్చిన వార్తల ఆధారంగా 195 ఘటనలను, 133 మంది గాయపడటాన్ని లెక్కించింది; సగానికి పైగా ఘటనలలో పరికరం జేబులో గానీ వాడుకలో గానీ ఉంది. ఆ లెక్కలో మరణాలు లేవు. తరువాత 2018లో ఫ్లోరిడాలో ఒకరు, 2019 జనవరిలో మీ అబ్బాయి ఉన్న టెక్సాస్‌లోనే, ఫోర్ట్ వర్త్‌లో, పేలిన ముక్క తగిలి మెడలోని రక్తనాళం తెగి ఒక యువకుడు చనిపోయారు. విడి 18650 సెల్లులను కొనవద్దని, వాడవద్దని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 2021 జనవరిలో హెచ్చరించింది.

ఇండియాకు తేవడం గురించి ఆలోచించనే వద్దు. విమానంలో చెక్-ఇన్ లగేజీలో పెట్టడాన్ని అమెరికా నిబంధనలు నిషేధించాయి. అంతకంటే ముఖ్యంగా, 2019 నాటి కేంద్ర చట్టం ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ అన్నింటినీ నిషేధించింది. దిగుమతికి మొదటిసారి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మీ అబ్బాయి ఇప్పుడు చేయవలసినది ఇది: దానికి ఇక చార్జింగు పెట్టకుండా, సెల్లును బయటికి తీసి, రెండు కొనలకూ టేపు అంటించి, చెత్తబుట్టలో వేయకుండా పాత లిథియం బ్యాటరీలు తీసుకునే కేంద్రంలో ఇవ్వాలి. తాళాలు, చిల్లర ఉన్న జేబులో విడి సెల్లును ఒక్క నిమిషం కూడా ఉంచకూడదు. నికోటిన్ మానాలనుకుంటే అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ ఉచిత టెలిఫోన్ సలహా దొరుకుతుంది.

అతనిని కోప్పడకండి. ఈసారి వీడియో కాల్‌లో ఆ బటన్ ఎన్ని ఆంపియర్లకు తయారైందో చూసి చెప్పమనండి, ఆ తరువాత 4.2ను కాయిల్ ఓములతో భాగించమనండి.