కార్డు పెడితే ఫార్మాట్ చేయమంటోంది, ఎస్ కొట్టమంటారా?

ప్రశ్న: సార్, మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి మా మరిది తన కెమెరాతో ఫొటోలు, వీడియోలు తీశాడు. ఊరెళ్తూ కెమెరా, అందులోని 64 జీబీ మెమరీ కార్డు మా దగ్గరే వదిలేశాడు. మా ఇంట్లోది 2010లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్, ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీయే. దాంతోపాటు కొన్న కార్డు రీడర్‌లో ఈ కార్డు పెడితే ‘డిస్క్ ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు చేయాలా?’ అని అడుగుతోంది. అదే కార్డు కెమెరాలో పెడితే ఫొటోలన్నీ కనిపిస్తున్నాయి. మా అబ్బాయేమో ‘ఎస్ కొట్టమ్మా, ఏం కాదు’ అంటున్నాడు. నాకు ఒకటే టెన్షన్. కొట్టమంటారా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: కొట్టకండమ్మా, ఫార్మాట్ అంటే కార్డులో ఉన్నవి తుడిచేయడమే. నో కొట్టి, కార్డు బయటికి తీసి, మీ అబ్బాయిని ఆ మౌస్‌కి కాస్త దూరంగా కూర్చోబెట్టండి.

కెమెరాలో ఫొటోలు కనిపిస్తున్నాయంటే కార్డుకి ఏ రోగమూ లేదు. దాని మీద రాసి ఉన్న లెక్క మీ కంప్యూటర్‌కి అర్థం కావడం లేదు, అర్థం కాని కార్డు ఏదైనా దాని దృష్టిలో ఖాళీదే, అందుకే ఫార్మాట్ చేస్తానంటోంది. చూడటానికి ఎస్‌డీ కార్డులన్నీ ఒకే సైజు, ఒకే సందులో దూరతాయి కానీ లోపల తరాలు వేరు. 2 జీబీ వరకు పాత ఎస్‌డీ. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ 32 జీబీ దాకా. ఆపైన ఉన్నవి, అంటే మీ 64 జీబీ లాంటివి, ఎస్‌డీఎక్స్‌సీ, 2009లో ప్రకటించారు. ఈ మూడో తరం కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి. ఎక్స్‌పీకి అది పుట్టుకతో రాదు, 2009లో మైక్రోసాఫ్ట్ విడిగా ఒక అప్‌డేట్ ఇస్తే గానీ రాలేదు. విండోస్ 7 నుంచి ఆ బాధ లేదు. దీనికి తోడు ఆ కాలపు రీడర్లు చాలావరకు 32 జీబీని దృష్టిలో పెట్టుకుని చేసినవి. మీ ఇంట్లో రెండూ పాతవే కాబట్టి తప్పు ఎవరిదని విచారణ అనవసరం.

మరి ఫొటోలు ఎలా? కెమెరా మీ దగ్గరే ఉందన్నారు, అదృష్టం. బ్యాటరీ నిండా చార్జ్ చేసి, కెమెరాతో వచ్చిన కేబుల్‌తోనే కంప్యూటర్‌కి కలపండి. మెనూలో యూఎస్‌బీ సెట్టింగ్ ఉంటే పీటీపీ (కెమెరాయే ఫొటోలు పంపే పద్ధతి) అని పెట్టండి. అప్పుడు కార్డు చదివే పని కెమెరాది, కంప్యూటర్ కేవలం అందుకుంటుంది, ఎక్స్‌ఫ్యాట్ తెలిసినా తెలియకపోయినా దానికి సంబంధం లేదు. ఇలా చేస్తే కొన్ని కెమెరాల నుంచి వీడియోలు రావు. రాకపోతే కంగారు పడకుండా పక్కింటివాళ్ల ల్యాప్‌టాప్‌లో కార్డు పెట్టి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. రెండుచోట్ల కాపీ ఉందని తేలేదాకా కార్డులో ఒక్క ఫొటో కూడా డిలీట్ చేయొద్దు. అన్నట్టు, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. దాంట్లో బ్యాంకు పనులు చేస్తుంటే ఈరోజే మానేయండి.

నేనూ ఒకసారి ఎస్ కొట్టినవాడినే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. మా బావమరిది గృహప్రవేశం ఫొటోలు, రాత్రి పదకొండున్నర, నిద్రమత్తు, బాక్స్ వచ్చింది, కొట్టేశాను. అదృష్టం కొద్దీ క్విక్ ఫార్మాట్ టిక్ ఉంది. అది ఫైళ్ల చిట్టాని మాత్రమే తుడుస్తుంది, ఫొటోలు ఎక్కడివక్కడే ఉంటాయి, కొత్తవి వాటి మీద పడేదాకా. ఆ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే మాత్రం, విండోస్ విస్టా, ఆ తర్వాత వచ్చిన విండోస్‌లు కార్డంతా సున్నాలతో నింపేస్తాయి, ఇక ఎవరూ ఏమీ చేయలేరు. నేను ఆ కార్డుతో మళ్లీ ఒక్క ఫొటో తీయకుండా, వేరే కంప్యూటర్‌లో రీడర్‌కి పెట్టి ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపాను. వెలికి తీసినవాటిని ఆ కార్డులోకే కాకుండా హార్డ్‌డిస్క్‌లోకి పంపాలి, ఇది మర్చిపోతే చేసిందంతా వృథా. ఫొటోలు వచ్చాయి గానీ పాత పేర్లన్నీ పోయాయి. పాలు పొంగించడం, భోజనాలు, మా బావమరిది అలక, అన్నీ కలగాపులగంగా వస్తే వరస పెట్టుకోవడానికి రెండు ఆదివారాలు పట్టింది.

ప్రశ్న: ప్యారడైజ్ దగ్గరున్న కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో యూఎస్‌బీ ‘3.0’ కార్డు రీడర్ అని చెప్పి ఇచ్చారు. కేబినెట్ ముందున్న పోర్టులో పెడితే స్లోగా ఉంది, మధ్యలో టింగుమని డిస్కనెక్ట్ కూడా అవుతోంది. మోసపోయానా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: అప్పుడే షాపువాడి మీదకి వెళ్లకండి. కేబినెట్ ముందు పోర్టులు మదర్‌బోర్డుకి లోపల ఒక సన్నని వైరుతో కలిసి ఉంటాయి, అసెంబుల్ చేసినప్పుడు ఆ వైరు వదులుగా పెడితే ఇదే గోల. రీడర్‌ని వెనక, నేరుగా బోర్డు మీదున్న పోర్టులో పెట్టి చూడండి. లోపల నీలం రంగు ప్లాస్టిక్ ఉంటే సాధారణంగా అది 3.0. నల్లగా ఉంటే 2.0 అయ్యే అవకాశమే ఎక్కువ. 2.0 అంటే కాగితం మీద సెకనుకి 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు, నిజంగా చేతికొచ్చేది సెకనుకి ముప్పయి చిల్లర. నిండా ఉన్న 64 జీబీ కార్డు కాపీ కావడానికి అరగంట పైనే. మంచి యూహెచ్‌ఎస్-1 (వేగం ఎక్కువున్న రకం) కార్డు, 3.0 రీడర్, 3.0 పోర్టు మూడూ కలిస్తే అదే పని పావుగంటలో అయిపోవచ్చు. మూడింటిలో ఏది నెమ్మదిదైతే మిగతావీ దాని వెనకే నడవాలి, పెళ్లి ఊరేగింపులో కారులాగా.

వెనక పోర్టులోనూ అంతే అయితే అప్పుడు బిల్లు పట్టుకుని ప్యారడైజ్ దాకా వెళ్లండి. ఈసారి మీ కార్డు జేబులో పెట్టుకుని వెళ్లి, కౌంటర్ మీదే వాళ్ల కంప్యూటర్‌లో ఒక పెద్ద వీడియో కాపీ చేయించి చూడండి. ప్యాకెట్ మీద ఎస్‌డీఎక్స్‌సీ అన్న అక్షరాలు లేని రీడర్‌ని ఎంత చవకైనా తీసుకోవద్దు.

ప్రశ్న: మైక్రో ఎస్‌డీ కార్డుని అడాప్టర్‌లో పెట్టి రీడర్‌కి పెడితే ‘రైట్ ప్రొటెక్టెడ్’ (ఇందులో ఏమీ రాయడానికి వీల్లేదు) అంటోంది. కొత్త కార్డు కొనాలా?
– ఒక డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అడాప్టర్ పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది, పైకి జరపండి. అది వదులైతే లోపలికి నెట్టేటప్పుడు కిందకి జారిపోయి లాక్ పడుతుంది. నిజానికి ఆ మీట కార్డుని లాక్ చేయదు, అది ఎక్కడుందో రీడర్ చూసుకుని రాయడం మానేస్తుంది, అంతే. అడాప్టర్ మార్చి చూడండి, మొబైల్ షాపులో అడిగితే ఊరికే కూడా ఇస్తారు. వేరే అడాప్టర్లో, వేరే రీడర్లో కూడా అదే మాట అంటుంటే కార్డు ఆయుష్షు దగ్గర పడినట్టే. కొన్ని కార్డులు చివరి దశలో చదవనిస్తాయి గానీ రాయనివ్వవు, కాబట్టి కొత్తది కొనే ముందు అందులో ఉన్నవన్నీ కాపీ చేసుకోండి.