కన్నడ కందానికి లేని యతి తెలుగు కందానికి ఎందుకు?

సందేహం: కంద పద్యంలో మూడు పాదాలు రాశాను.

చెరువులు నిండెను వానకు
మురిసెను నగరము పులకలు కలిగిన మేనన్
కారులు వరుసగ నిలిచెను

కన్నడ మిత్రుడు చూసి గణాలన్నీ కుదిరాయన్నాడు. తెలుగు పద్యాలు రాసే పెద్దాయన మాత్రం రెండో పాదం తప్పిందన్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు

సమాధానం: గణాల లెక్కలో మీ మిత్రుడి మాట నిజమే. రెండో పాదం విడదీస్తే మురిసెను, నగరము, పులకలు, కలిగిన, మేనన్. మొదటి నాలుగూ నలాలు (నాలుగేసి లఘువులు), చివరిది గగం (రెండు గురువులు). మొదటి పాదంతో కలిపి లెక్కిస్తే ఆరో గణం ‘పులకలు’. అక్కడ జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో ఉండాలి, ఉంది. బేసి గణాల్లో జగణం రాలేదు, పాదం గురువుతో ముగిసింది.

చిక్కు యతి దగ్గర. సంస్కృతంలో యతి అంటే విరామం. మనకది అక్షరమైత్రి, అంటే పాదం మొదటి అక్షరానికి యతిస్థానంలోని అక్షరం పొసగడం; అది మాట మధ్యలో పడినా ఇబ్బంది లేదు. కన్నడ కందం ప్రాసతో (అన్ని పాదాల్లో రెండో అక్షరానికి ఒకే హల్లు) సరిపెట్టుకుంటుంది, ఈ మైత్రి అడగదు. (తమిళ పద్యాల్లో తొలి అక్షరాల పొందిక అయిన మోనై మన యతికి దగ్గరి చుట్టం.) తెలుగు కందంలో రెండు, నాలుగు పాదాల మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి. మీ పాదంలో ‘ము’కు ‘క’ పొసగదు. ‘కలిగిన’ తీసి ‘మొలచిన’ పెట్టండి. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు కనుక ము–మొ చెల్లుతుంది, గణమూ చెదరదు. ‘కురిసిన’ అని ప్రాసయతితో (యతికి బదులు రెండో అక్షరాన్ని కలపడం) గట్టెక్కుదామంటే అది ఆటవెలదిలో నడుస్తుంది కానీ ప్రాసనియమం ఉన్న కందంలో నడవదు.

అసలు పెద్ద తప్పు మూడో పాదంలో ఉంది, దాన్ని ఇద్దరూ వదిలేశారు! ప్రాసాక్షరం ‘ర’ సరే, దాని ముందు మొదటి రెండు పాదాల్లో లఘువుంది, ఇక్కడ ‘కా’ గురువు. కన్నడంలోనూ ఇది ఒప్పు కాదు. హ్రస్వం ముందుంటే సింహప్రాస, దీర్ఘం ముందుంటే గజప్రాస అని కన్నడ లాక్షణికుడు నాగవర్మ తన ఛందోగ్రంథం ‘ఛందోంబుధి’లో వేరు చేశాడు, ఒకే పద్యంలో రెండూ కలపకూడదు. మందు తేలికే: ‘వరుసగ కారులు నిలిచెను’ అని మాటలు అటూ ఇటూ మార్చండి. నలం, భగణం (గురువు, రెండు లఘువులు), నలం. ఈ పాదానికి యతి అక్కర్లేదు.

నాలుగో పాదం మీరు పంపలేదు. అది లఘువుతో మొదలవ్వాలి, రెండో అక్షరం ‘ర’ గుణింతంలో ఉండాలి, మూడో గణం మళ్లీ జగణమో నలమో కావాలి, చివర గురువు పడాలి.