తుఫాను సహాయక పనిలో చెయ్యి విరిగితే పరిహారం ఎవరిని అడగాలి? (సమాధానం)

వజ్రపుకొత్తూరులో రోడ్డుకి అడ్డంగా పడ్డ కొబ్బరిచెట్టు నరుకుతూ మీ తమ్ముడి చెయ్యి విరిగిందన్నారు. ముందు తేలాల్సింది, తుఫాను రాత్రి అతన్ని పనికి పిలిచిందెవరు? తహసీల్దారు ఆఫీసు నుంచి గానీ, గ్రామ సచివాలయం నుంచి గానీ వచ్చిన వాట్సాప్ మెసేజ్ ఉంటే చెరపకండి. అదే మీకు ఆధారం.

ఆపద మిత్ర (విపత్తుల్లో సాయపడే వాలంటీర్ల ప్రభుత్వ పథకం) శిక్షణ పొంది ఉంటే ఆ పథకంలో బీమా ఉంది, గడువు చూడండి. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా మాత్రం మరణానికి, శాశ్వత వైకల్యానికే. అతికే ఎముకకి రాదు.

ఆసుపత్రిలో రాసే కేస్ షీట్ తప్పకుండా చదవండి. 2018 తిత్లీ తుఫాను అప్పుడు రేకు తెగి నా అరచేతికి ఏడు కుట్లు పడ్డాయి. నా కేస్ షీట్‌లో ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని రాశారు, నేను చూసుకోలేదు. పైసా రాలేదు.

ఇవన్నీ జతచేసి కలెక్టరు గారికి అర్జీ ఇవ్వండి, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు ఆయనే. రసీదు లేకుండా మాత్రం వెనక్కి రాకండి.