కంటి చూపు విషయమై మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

తిరుపతి నుంచి మీ మామ ఆశీస్సులు. కిడ్నీ మార్పిడి అయ్యాక నీ రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే లెక్క) నిలకడగా ఉందన్న కబురుకు మీ అత్త, నేను ఎంతో సంతోషించాం. అయితే ఉత్తరం చివరన, రాత్రిపూట పూతలపట్టు దాటాక ఎదురు లారీల లైట్లు కళ్లలో చెదిరిపోతున్నాయని, అద్దాలు మార్పించుకుంటానని రాశావు. ఆ మాట కోసమే ఈ లేఖ.

నాకూ కిడ్నీ మార్పిడి జరిగింది కదా, ఆ మూడో ఏట నేనూ అద్దాల కొట్టుకే వెళ్లాను. రెండుసార్లు పవరు మార్చినా డబ్బు పోయిందే తప్ప చూపు బాగుపడలేదు. మిట్టమధ్యాహ్నం కపిలతీర్థం రోడ్డంతా తెల్లటి పొగ కమ్మినట్టుండేది, నీడపట్టున మాత్రం బాగానే కనిపించేది. మాత్రల అట్ట మీది తేదీ చదవడానికి మనవరాలిని పిలిచేవాణ్ణి. తీరా కంటి డాక్టరు చుక్కలు వేసి చూస్తే అది శుక్లం. మనం రోజూ మింగే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వల్ల కంటిలోని కటకం వెనుక వైపున వచ్చే ఆ రకం శుక్లానికి వయసుతో పనిలేదు. ఆపరేషన్‌తో పోయేదే కనుక దానికి బెంగపడకు.

నా బెంగ నొప్పి తెలియనివ్వని వాటి గురించి. అదే స్టెరాయిడ్ కొందరికి కంటిలో ఒత్తిడిని పెంచి నీటికాసులు తెస్తుంది. అందులో పోయిన చూపు తిరిగి రాదు. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసుకునే టాక్రోలిమస్ వల్ల కొత్తగా షుగరు రావచ్చు, దానికి బీపీ తోడైతే కంటి లోపలి తెర అయిన రెటీనా దెబ్బతింటుంది. పైగా మన రోగనిరోధక శక్తిని మందులతో అణచి ఉంచారు కాబట్టి సైటోమెగలో వైరస్ వంటివి రెటీనా దాకా పాకగలవు. కళ్ల ముందు నల్లని నలకలు ఉన్నట్టుండి ఎక్కువైనా, మెరుపులు మెరిసినా, ఒక మూల తెర దించినట్టయినా, నుదుటికి ఒక పక్కనే పొక్కులు లేచినా, ఆదివారమని చూడక అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లు. ఏమీ లేకపోయినా ఏడాదికోసారి చూపించుకో.

ఇది చదివి మాత్రలు ఆపేవు సుమా! మా అక్క ఇచ్చిన కిడ్నీ అది. మోతాదు తగ్గించాలో వద్దో కిడ్నీ డాక్టరే చెప్పాలి. కన్ను ఎర్రబడిందని మందుల షాపులో అడిగి చుక్కలు కొనకు, వాటిలోనూ స్టెరాయిడ్ ఉండవచ్చు. కంటి డాక్టరుకు ముందుగా మార్పిడి సంగతి చెప్పి, మాత్రల చీటీ, తాజా రిపోర్టు చూపించు. నొప్పి మాత్రలైనా, కంటి ఒత్తిడి తగ్గించే మాత్రలైనా కిడ్నీని చూసుకునే రాయాలి.

ఇక్కడ అరవింద్ కంటి ఆస్పత్రిలో చూపిద్దాం. బండి చిత్తూరులోనే వదిలి బస్సులో రా. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. నల్లద్దాలు నా దగ్గరున్నాయి, నేను వెంట వస్తాను.

మీ మామ