‘వెన్ ఐ విల్ రీచ్’ ఎందుకు తప్పు?

ఇంటికి చేరడం ఇంకా జరగలేదు కదా, మరి ‘ఐ విల్ కాల్ యూ వెన్ ఐ రీచ్ హోమ్’లో రెండో విల్ ఎందుకు లేదని అడిగారు. మన మాటే చూడండి: ‘ఇంటికి చేరగానే ఫోన్ చేస్తాను.’ ‘చేరగానే’లో భవిష్యత్తు గుర్తే లేదు. ఆ పని ‘చేస్తాను’ ఒక్కటే చూసుకుంటుంది. ఇంగ్లీషులోనూ అంతే, వెన్, ఇఫ్, ఆఫ్టర్, బిఫోర్, అంటిల్ తర్వాత మామూలుగా సింపుల్ ప్రెజెంట్ చాలు. పని పూర్తవడం ముఖ్యమైతే ‘ఆఫ్టర్ ఐ హావ్ ఫినిష్డ్’ అనవచ్చు.

అసలు చిక్కు ‘ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్’ దగ్గర. ఇక్కడ విల్ సరైనదే. ఈ వెన్ ‘వచ్చినప్పుడు’ కాదు, ‘ఎప్పుడు’ అనే ప్రశ్న. తెలుగులోనూ ‘ఎప్పుడు వస్తాడో తెలియదు’ అంటాం. చూశారా, ‘వస్తాడో’లో భవిష్యత్తు తిరిగొచ్చింది! ఇఫ్ కూడా ఇంతే: ‘వస్తే’ అయితే విల్ వద్దు, ‘వస్తాడో రాడో’ అయితే పెట్టండి.