ఫ్యాకల్టీ పేపర్ల లెక్క చూసి ఆర్కిటెక్చర్ కాలేజీ ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి ఆర్కిటెక్చర్‌లో రెండు కాలేజీల్లో సీటు వచ్చేలా ఉంది. మొదటి కాలేజీ ఫ్యాకల్టీ పేజీలు తెరిస్తే పీహెచ్‌డీలు, పేపర్లు, పేటెంట్లు, అవార్డులు చాంతాడంత ఉన్నాయి. ఏఐ డిజైన్ ల్యాబ్, డిజిటల్ ఫ్యాబ్రికేషన్ ల్యాబ్ కూడా ఉన్నాయి. రెండో కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లలో ఎక్కువ మంది సొంత ప్రాక్టీస్ ఉన్న ఆర్కిటెక్టులు, పేపర్లు పెద్దగా లేవు. అందరి సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ ఎక్సెల్‌లో వేసి చూస్తే మొదటిదే చాలా ముందుంది. అమ్మాయి మాత్రం రెండోదే అంటోంది. రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. తప్పు చేస్తామేమోనని నిద్ర పట్టడం లేదు. – ఒక తండ్రి

జవాబు: సర్, ముందు నిద్రపోండి. మీరు రాసిన రెండు కాలేజీల్లో ఏదీ మీ అమ్మాయి జీవితాన్ని పాడుచేసేది కాదు. అడ్మిషన్ల కాలం వచ్చిందంటే ఇలాంటి ఉత్తరాలు వరసగా వస్తాయి, కాలేజీల పేర్లే మారతాయి, కింద ఉండే భయం ఒక్కటే. ఇంట్లో ఎవరూ ఆర్కిటెక్టులు కారు, ఈ చదువు ఎలా సాగుతుందో తెలియదు, తెలిసినవాళ్లను అడిగితే తలో మాట చెబుతారు. అలాంటప్పుడు నంబర్లు కనిపిస్తే వాటిని పట్టుకోవాలనిపిస్తుంది. అందులో తప్పేం లేదు. కానీ మీరు పట్టుకున్న నంబరు మీరు అడుగుతున్న ప్రశ్నకు జవాబు చెప్పదు.

హెచ్-ఇండెక్స్ అనేది 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన కొలత. ఒకరి పేపర్లను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారన్నదే దానికి ఆధారం. ఆర్కిటెక్చర్ స్కూల్లో మాత్రం ఒకే కారిడార్‌లో మూడు రకాల మనుషులు పనిచేస్తారు. వేడి, వెలుతురు, మెటీరియల్స్ మీద పనిచేసేవాళ్లకు పేపర్లు త్వరగా వస్తాయి, సైటేషన్లూ వస్తాయి. చరిత్ర మీద పనిచేసేవాళ్లు ఒక పుస్తకం కోసం ఏళ్ల తరబడి ఆర్కైవ్‌లలో కూర్చుంటారు, ఉదహరించేవాళ్లు తక్కువ. ఇక డిజైన్ చేసేవాళ్ల పరిశోధన కట్టడంలోనే ఉంటుంది, దాన్ని ఏ ఇండెక్సూ లెక్కపెట్టదు. బ్రిటన్‌లో యూనివర్సిటీల పరిశోధనకు విలువ కట్టే ప్రభుత్వ ప్రక్రియలో ఆర్కిటెక్చర్ విభాగాలు పేపర్లకు బదులు భవనాలను, డిజైన్లను కూడా పరిశోధన ఫలితంగా చూపించుకోవచ్చు. మీ షీట్‌లో అలాంటి కాలమ్ లేదు.

బాలకృష్ణ దోషి పేరు వినే ఉంటారు. 1962లో అహ్మదాబాద్‌లో ఆర్కిటెక్చర్ స్కూల్ మొదలుపెట్టిన మనిషి, 2018లో ఆర్కిటెక్చర్‌లో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ ప్రైజ్ అందుకున్నారు. ఇండోర్‌లో ఆయన బృందం చేసిన అరణ్య హౌసింగ్ చూడండి. పేద కుటుంబానికి పూర్తి ఇల్లు ఇవ్వడానికి డబ్బు చాలదు కాబట్టి స్థలం, పునాది, నీళ్లూ మరుగుదొడ్డీ ఉండే చిన్న భాగం ఇచ్చి, చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా మిగతాది వాళ్లే కట్టుకునేలా ప్లాన్ చేశారు. ఆ ప్లాన్ వెనక ఉన్న పనంతా పరిశోధనే: మనుషులు అరుగు మీద ఎలా కూర్చుంటారు, గల్లీ ఎంత వెడల్పు ఉంటే పిల్లలు ఆడతారు, గది ఎటువైపు పెరుగుతుంది అన్నవన్నీ చూసి తెలుసుకోవాల్సినవే. దీనికి మీ షీట్‌లో ఎన్ని మార్కులు వేస్తారు?

అలాగని పేపర్లు దండగ అని నేను అనను. మంచి పేపరు ఎలాంటిదో ఒకటి చెబుతాను, మీరు చూడాల్సింది ఏమిటో అప్పుడు తెలుస్తుంది. 1970 ప్రాంతంలో డెన్మార్క్‌కు చెందిన ఫాంగర్ అనే ప్రొఫెసర్ మనుషులను ఉష్ణోగ్రత అదుపులో ఉంచిన గదుల్లో కూర్చోబెట్టి ఎంత వేడిలో హాయిగా ఉంటారో లెక్క తేల్చారు. ఏసీ ప్రమాణాలు చాలాకాలం దాని మీదే నడిచాయి. తర్వాత అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ విభాగంలో పాఠాలు చెప్పిన గెయిల్ బ్రేగర్, ఆస్ట్రేలియాకు చెందిన రిచర్డ్ డి డియర్ కలిసి ల్యాబ్ గదులను పక్కనబెట్టి, నాలుగు ఖండాల్లో 160 నిజమైన భవనాల్లో మనుషులు పనిచేసుకుంటుండగా తీసిన సుమారు 21,000 కొలతలను ఒకచోట చేర్చి చూశారు. కిటికీలు తమ చేతిలో ఉన్నవాళ్లు, బయటి వాతావరణానికి అలవాటుపడ్డవాళ్లు, ల్యాబ్ లెక్క చెప్పినదాని కంటే ఎక్కువ వేడిని కూడా హాయిగానే భరిస్తున్నారని తేలింది. 1998లో వచ్చిన ఆ పని 2004లో ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం) ప్రమాణంలోకి ఎక్కింది. అదే బాటలో అహ్మదాబాద్‌లోని సెప్ట్ యూనివర్సిటీ పరిశోధకులు ఐదు వాతావరణ మండలాల్లోని 16 ఆఫీసు భవనాల్లో 6,330 స్పందనలు సేకరించి తేల్చిన లెక్క మన జాతీయ భవన నియమావళి 2016లో చేరింది.

ఇప్పుడు ఆలోచించండి. ఇలాంటి పని చేసే టీచరు సెకండియర్ స్టూడియోలో, అంటే పిల్లలు డిజైన్లు గీస్తూ నేర్చుకునే క్లాసులో, మీ అమ్మాయి పక్కన నిలబడి, 'ఈ క్లాసురూమ్‌కు కిటికీ ఇటు ఎందుకు పెట్టావు? మధ్యాహ్నం ఇక్కడ కూర్చునే పిల్లాడికి ఎలా ఉంటుంది? వెళ్లి కొలిచి రా' అని థర్మామీటర్ చేతికిస్తే, ఆ ఒక్క సెమిస్టర్‌లో ఆమె నేర్చుకునేది పుస్తకాలు తిరగేస్తే రాదు. అదే టీచరు పీహెచ్‌డీ విద్యార్థులకే పరిమితమై, స్టూడియోను నిన్న మొన్న పాసైన కుర్రాళ్లకు అప్పగిస్తే, ఆ పేపర్లన్నీ ఉన్నా మీ అమ్మాయికి ఒరిగేది ఏమీ లేదు. చూడాల్సింది ఈ తేడానే. ఎంత పరిశోధన జరుగుతోందన్నది తర్వాత, అది స్టూడియో టేబుల్ దాకా దిగుతోందా లేదా అన్నది ముందు.

ఫ్యాకల్టీ పేజీ ఎలా చదవాలో కూడా చెప్తాను, ఇప్పటిదాకా మీరు లెక్కే పెట్టారు కాబట్టి. టైటిల్స్ వరసగా చదవండి. అయిదారేళ్లుగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయా, లేక ఈ నెల స్మార్ట్ సిటీ, వచ్చే నెల బ్లాక్‌చెయిన్, ఆపై నెల మార్కెటింగ్ అంటూ పోతున్నాయా? ఒకే టైటిల్‌లో ఊరి పేరు మాత్రం మార్చి నాలుగు పేపర్లు ఉన్నాయా? ఒకే ఏడాదిలో పదిహేను పేపర్లు, ప్రతిదానిలో ఎనిమిది మంది రచయితలు ఉంటే అందులో ఆ టీచరు చేసిన పని ఏదో తెలియదు. రచయితల్లో బీఆర్క్ విద్యార్థుల పేర్లు ఉంటే అది నాకు చాలా మంచి సంకేతం, పిల్లలను పనిలోకి తీసుకుంటున్నారన్నమాట. పేటెంట్ల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. ఆకారం మీద హక్కు ఇచ్చే డిజైన్ రిజిస్ట్రేషన్ వేరు, పని చేసే తీరులో కొత్తదనానికి ఇచ్చే పేటెంట్ వేరు, మొదటిది దొరకడం చాలా తేలిక. కాలేజీ జాబితాల్లో రెండూ పేటెంట్ అనే మాట కింద కలిసిపోతుంటాయి.

ఇక ఆ ల్యాబుల సంగతి. మీ ఉత్తరంలో ఏఐ ల్యాబ్ ప్రస్తావన ఉంది, ఈ మధ్య అందరూ ముందు దాన్నే అడుగుతున్నారు కూడా. నాకు ఇక్కడ గట్టి అనుమానాలే ఉన్నాయి, దాచను. ఈ రంగంలో గొప్ప పని జరగడం లేదని కాదు. జ్యూరిక్‌లో ఫిలిప్ బ్లాక్ బృందం 2016లో వెనిస్ బియెనాలే అనే ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో 399 సున్నపురాతి ముక్కలతో ఒక కప్పు నిలబెట్టింది, సిమెంటు లేదు, లోపల ఇనుము లేదు, కొన్నిచోట్ల రాయి మందం 5 సెంటీమీటర్లే. స్టుట్‌గార్ట్‌లో ఆచిమ్ మెంగెస్ బృందం 2010 నుంచి రోబోలతో, నారలతో, చెక్కతో ప్రయోగ పెవిలియన్లు కడుతూ వస్తోంది. చూస్తే ఎవరికైనా అక్కడికి పోయి చదువుకోవాలనిపిస్తుంది. కానీ వాటి వెనక ఏళ్ల తరబడి ఇంజనీర్లు, జీవశాస్త్రవేత్తలు, రాయి కోసే పనివాళ్లు, నిలకడైన నిధులు ఉన్నాయి. ఆ రాతి కప్పులో భాగమైన జాన్ ఆక్సెన్‌డార్ఫ్ ఎంఐటీ ప్రొఫెసర్, విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయన మొదలుపెట్టింది కంప్యూటర్‌తో కాదు, దక్షిణ అమెరికాలోని ఇన్కా జాతి ప్రజలు గడ్డితో పేనిన వేలాడే వంతెనల మీద పరిశోధనతో. బరువు ఎటు దిగుతుందో ముందు అర్థమైంది, సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత వచ్చింది.

చాలా కాలేజీల్లో ఈ క్రమం తిరగబడింది. గ్రాస్‌హాపర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్లు అటూ ఇటూ జరిపితే వంకర్లు తిరిగిన రూపం వస్తుంది, దాన్ని త్రీడీ ప్రింట్ తీసి అద్దాల పెట్టెలో పెడతారు, ఓపెన్ హౌస్ రోజున తల్లిదండ్రులు ఫొటోలు తీసుకుంటారు. దాన్ని చేసిన పిల్లను పక్కకు పిలిచి మెట్టు ఎత్తు ఎంత ఉండాలి, ఈ గోడ వాన నీటిని ఎలా ఆపుతుంది అని అడిగితే తడబడుతుంది. ఏఐతో బొమ్మలు వేయించే టూల్స్ నెలల్లో మారిపోతున్నాయి, ఫస్టియర్‌లో నేర్చుకున్నది ఫైనలియర్‌కు పాతబడుతుంది. ల్యాబ్ ఉంటే మంచిదే. దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది, రెండో ఏడాది పిల్లలు వారానికి ఎన్ని గంటలు లోపలికి వెళ్లగలరు అని అడగండి. వచ్చే జవాబును బట్టి అది పిల్లల కోసం ఉందో, చూపించుకోవడానికి ఉందో తెలిసిపోతుంది. దీనితోపాటే ఇంకో ఫ్యాషన్ వచ్చింది, ఫస్టియర్ నుంచే పిల్లలతో పేపర్లు వేయిస్తే విదేశాల్లో మాస్టర్స్ సీటు ఖాయమని. డిజైన్ కోర్సులో సీటు ఇచ్చేవాళ్లు ప్రధానంగా పోర్ట్‌ఫోలియో, అంటే పిల్లలు చేసిన డిజైన్ల సంకలనం చూస్తారు. డబ్బు కట్టి ఏదో జర్నల్‌లో వేయించిన పేపరు ఆ పోర్ట్‌ఫోలియోను ఒక్క పేజీ కూడా మెరుగుపరచదు, పైగా పిల్లకు చదువంటే ఇలా నెట్టుకురావడమే అన్న పాఠం చిన్నప్పుడే నేర్పుతుంది. దయచేసి ఆ దారిలోకి తోయకండి.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడాలి సర్, ఏమీ అనుకోకండి. ముఖం తెలియని ప్రొఫెసర్ల సైటేషన్లన్నీ మీకు నోటికి వచ్చు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మీ అమ్మాయికి రెండో కాలేజీ ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం కూడా లేదు. అడిగారా? అడిగి, జవాబు చిన్నపిల్ల మాటలా అనిపించి వదిలేశారా? ఆమె అక్కడి విద్యార్థులు గీసిన డ్రాయింగులు చూసి ఉండొచ్చు, సీనియర్లతో మాట్లాడి ఉండొచ్చు, లేదా స్నేహితురాలు చేరుతోందన్నదే కారణం కావచ్చు. ఏదైనా సరే తెలుసుకోవాల్సింది మీరే. ఐదేళ్లు రాత్రుళ్లు మేలుకుని మోడళ్లు చేసేది ఆమె, తన డిజైన్‌ను టీచర్లు అందరి ముందూ విమర్శించే జ్యూరీలో నిలబడి తిట్లు తినేది ఆమె. తనకు ఇష్టం లేని చోట పెట్టి, మీ ప్రొఫెసర్ హెచ్-ఇండెక్స్ ఇరవై అని ధైర్యం చెప్పలేరు. ఎక్సెల్ షీట్ మీద పెట్టిన శ్రద్ధలో కొంచెం ఆమెతో మాట్లాడటం మీద పెడితే మీకు ఈ ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదేమో.

పోలిక అడిగారు కాబట్టి అదీ చెప్తాను, పెద్దగా లేదు. మొదటి కాలేజీలో పేరున్న పరిశోధకుల్లో ఇద్దరు ముగ్గురైనా మొదటి మూడేళ్ల స్టూడియోల్లో నేరుగా చెబుతుంటే అది బలమైన చోటు, మీ లెక్క నిజమే. రెండో దాంట్లో ప్రాక్టీస్ చేసే ఆర్కిటెక్టులు నిజంగా వారంలో చెప్పిన రోజున వస్తారా, సైట్ పని పడితే క్లాసు ఎగ్గొడతారా అన్నది చూడాలి, ఇలాంటి చోట్ల పెద్ద లోపం అదే. చరిత్ర, స్ట్రక్చర్స్, వాతావరణం లాంటి సబ్జెక్టులు ఎవరు చెబుతారో కూడా అడగాలి, డిజైన్ బలంగా ఉండి ఇవి బలహీనంగా ఉన్న కాలేజీలు చాలానే ఉన్నాయి. వాళ్లు కట్టిన సైట్లకు పిల్లలను తీసుకెళ్తుంటే మాత్రం అది ఏ ల్యాబ్‌కూ తీసిపోదు.

మీ అమ్మాయి తర్వాత పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే దారి మూసుకుపోతుందన్న భయం కూడా పెట్టుకోకండి. మాస్టర్స్ ఉంది, పీహెచ్‌డీ ఉంది, అప్పుడు గైడ్‌ను చూసి కాలేజీ ఎంచుకోవాలి, పేపర్లు వరసబెట్టి చదవాల్సిన సమయం అదే. బ్యాచిలర్స్‌లో కావాల్సింది ఒక ప్రశ్నను వదలకుండా పట్టుకునే అలవాటు. ఫ్రాన్సిస్ కెరే బెర్లిన్‌లో ఇంకా విద్యార్థిగా ఉండగానే బుర్కినా ఫాసోలోని తన సొంత ఊరు గాండోకు బడి కట్టాలని పూనుకున్నాడు, 2001లో అది పూర్తయింది, 2022లో ప్రిట్జ్‌కర్ వచ్చింది. ఆన్నా హెరింగర్ బంగ్లాదేశ్‌లోని రుద్రపూర్‌లో మట్టితో, వెదురుతో కట్టించిన బడి ఆమె డిప్లొమా థీసిస్ నుంచి పుట్టిందే, 2007లో ఆగా ఖాన్ అవార్డు అందుకుంది. అందరూ అలా అవుతారని చెప్పడం లేదు. ఇద్దరినీ నడిపించింది తమకు నిజంగా పట్టిన ఒక ప్రశ్న.

ఈ వారం చేయాల్సింది ఇంతే. అమ్మాయినే రెండు కాలేజీలకూ మెయిల్ రాయమనండి: ఈ సెమిస్టర్ ఫస్టియర్, సెకండియర్ స్టూడియోలు ఎవరు చెబుతున్నారు, ఒక మధ్యాహ్నం వచ్చి జ్యూరీ చూడొచ్చా అని. వీలైతే మీరూ వెళ్లి వెనక కూర్చోండి, మాట్లాడకండి. గోడ మీద డ్రాయింగులు చూడండి, టీచర్లు పిల్లల పని గురించి మాట్లాడుతున్నారా తమ గురించి మాట్లాడుతున్నారా వినండి. తిరిగొచ్చాక కూడా ఆమె రెండోదే కావాలంటే, టీచర్లు చెప్పిన రోజున వస్తున్నారని తెలిస్తే, అందులోనే చేర్పించండి. మొదటి కాలేజీ జ్యూరీ చూసి ఆమె మనసు మారితే అదీ మంచిదే, ఫీజు అక్కడ కట్టండి.