నెంబర్ ప్లేటు లేని బండి

శివనగర్, వరంగల్

బిడ్డా,

నువ్వు ఎనభై వేలు పెట్టి సైకిల్ కొన్నావని మొన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆయన గొంతులో కోపం ఉంది, నాకు మాత్రం సంతోషమే అయింది. నయీంనగర్ నుంచి సుబేదారి, ఫాతిమానగర్, కాజీపేట మీదుగా మడికొండ ఐటీ పార్కు దాకా రోజూ తొక్కుతున్నావట. మంచిది, తొక్కు. కాకపోతే అంత ఖరీదైన సైకిల్‌ను కాపాడుకోవడం గురించి నీకు కొన్ని సంగతులు చెప్పాలి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిముల ఫైళ్లు చూసినవాణ్ణి, చెప్పకుండా ఉండలేను.

ముందు నా సైకిల్ సంగతి విను. 1988లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, జీతం కూడబెట్టి నల్లటి 22 అంగుళాల సైకిల్ కొన్నాను. ఒకరోజు రైలు తప్పిపోతుందన్న తొందరలో స్టాండులో పెట్టకుండా బయట వేపచెట్టుకు ఆనించి, వెనక చక్రం తాళం నొక్కి పరుగెత్తాను. సాయంత్రం వచ్చేసరికి చెట్టు కింద ఏమీ లేదు. చక్రానికి తాళం ఉన్నంత మాత్రాన ఏమవుతుంది, ఎత్తి భుజాన వేసుకుంటే అయిపోయె. మూడు వారాల తర్వాత పోలీసులు దొంగను పట్టుకుని, సైకిళ్లు వచ్చి చూసుకోమన్నారు. పన్నెండు సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, అన్నీ నల్లవే. అందులో ఒకదాని హ్యాండిల్ పట్టుకోగానే నాదేనని చేతికి తెలిసింది. కానీ సీటు మార్చేశారు, బెల్లు లేదు. "బిల్లు ఉందా? ఫ్రేము నెంబర్ ఎంత?" అని అడిగారు. నా దగ్గర రెండూ లేవు. నా సైకిల్‌ను నేనే అక్కడ వదిలేసి ఇంటికి నడుచుకుంటూ వచ్చాను.

స్కూటీకి ఆర్‌సీ ఉంటుంది, నెంబర్ ప్లేటు ఉంటుంది. సైకిల్‌కు అవేవీ లేవు. మా చిన్నప్పుడు మున్సిపాలిటీ వాళ్లు పన్ను కట్టించుకుని సైకిల్‌కు ఒక బిళ్ళ ఇచ్చేవాళ్లు, ఇప్పుడు అదీ లేదు. కాబట్టి ఆ సైకిల్ నీదని చెప్పే కాగితాలు నువ్వే తయారు చేసుకోవాలి. ఇన్సూరెన్స్ గురించి మాట్లాడేది ఆ తర్వాతే.

సైకిల్‌ను తలకిందులు చేసి పెడల్స్ మధ్య ఇరుసు ఉండే గొట్టం అడుగున చూడు. అక్కడ అంకెలు కొట్టి ఉంటాయి, అదే ఫ్రేము నెంబర్. టార్చి వేసి స్పష్టంగా ఫోటో తియ్యి. షాపు బిల్లు మీద ఆ నెంబర్ లేకపోతే, వెళ్లి రాయించుకుని స్టాంపు వేయించుకో. ఈ పని ఈ నెలలోనే చెయ్యి, ఏడాది తర్వాత అడిగితే షాపువాళ్లకు నువ్వు గుర్తుండవు. తాళం బిల్లు కూడా దాచు. సైకిల్ పక్కన నువ్వు నిలబడి ఒక ఫోటో, గీతలు, మార్చిన భాగాలు కనిపించేలా ఇంకొన్ని దిగు. నీ పేరు, ఫోన్ నెంబర్ రాసిన చీటీని ప్లాస్టిక్ కవర్లో చుట్టి సీటు గొట్టంలో పెట్టు. దొంగ రంగు మార్చినా ఆ చీటీ సంగతి అతనికి తెలియదు. ఇవన్నీ నాకు కూడా ఒక మెయిల్ చెయ్యి.

ఇక తాళం. సన్నటి కేబుల్ తాళం కొనకు, చిన్న కట్టర్‌తో క్షణాల్లో తెగిపోతుంది. గట్టి ఉక్కుతో చేసిన యూ ఆకారం తాళం తీసుకో. సైకిల్ ధరలో పదో వంతు దాకా తాళానికి పెట్టమని తొక్కేవాళ్లు అంటుంటారు, అది సబబే. తాళం ఫ్రేమునూ వెనక చక్రాన్నీ కలిపి, భూమిలో పాతిన ఇనుప కడ్డీకి పడాలి. ఆ కడ్డీని పైకి లాగితే ఊడి వస్తుందేమో ఒకసారి ఊపి చూడు. నీ ముందు చక్రం మీట తిప్పితే ఊడే రకం అని మీ నాన్న చెప్పాడు. దానికి రెండో తాళమైనా వెయ్యి, ఆ మీట తీసేసి బోల్టైనా పెట్టించు. లైటు, మీటరు, పంపు దిగిన ప్రతిసారీ బ్యాగులో వేసుకో.

అపార్టుమెంటు సెల్లార్లో ఉంది కదా అని తాళం వేయకుండా వదలకు. నేను చూసిన సైకిల్ చోరీల్లో రోడ్డు మీద పోయినవాటికంటే "మన బిల్డింగే కదా" అనుకున్న చోట పోయినవే ఎక్కువ. ఆఫీసులో సెక్యూరిటీ వాళ్లతో మాట్లాడి, కెమెరా కంటపడే చోటు ఒకటి అడిగి పెట్టుకో.

ఇప్పుడు ఇన్సూరెన్స్. సైకిల్‌కు చట్టప్రకారం తప్పనిసరి కాదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. మీ నాన్న ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ తీసుకున్నాడు, సైకిల్ దాంట్లోనే వచ్చేస్తుందని అనుకుంటున్నాడు. 2021 ఏప్రిల్ నుంచి ఉన్న ఆ పాలసీ అగ్నిప్రమాదానికి, వరదకు, భూకంపానికి పనికొస్తుంది. 2023 జూలైలో మీ నయీంనగర్ నాలా పొంగినప్పటిలాగా నీళ్లొచ్చి సైకిల్ పాడైతే, ఇంటి సామాను కింద వస్తుందో లేదో పాలసీ కాగితంలో చూసుకోవాలి. దొంగతనం మాత్రం అందులో, అలాంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు జరిగితేనే వర్తిస్తుంది. మామూలు రోజున మడికొండలో సైకిల్ పోతే ఆ పాలసీ పైసా ఇవ్వదు.

నీకు కావాల్సింది వేరే. జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల గృహస్థుల ప్యాకేజీ పాలసీల్లో 'పెడల్ సైకిల్' అనే విభాగం ఉంటుంది. విడిగా సైకిల్ పాలసీ ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. ఏది తీసుకున్నా ఏజెంటు నోటిమాట నమ్మకు, పాలసీ కాగితంలో వేలు పెట్టి చూపించమను. ఇంటి బయట ఉన్నప్పుడు కూడా వర్తిస్తుందా? 'బర్గ్లరీ' అని రాశారా, 'థెఫ్ట్' అని రాశారా? ఈ రెండూ ఒకటే అనుకుని మోసపోయినవాళ్లను చాలామందిని చూశాను. బర్గ్లరీ అంటే తలుపో తాళమో పగలగొట్టి లోపలికి వచ్చి ఎత్తుకుపోవడం. రోడ్డు పక్కన నిలిపినది పోతే అది థెఫ్ట్. మొదటి మాట ఒక్కటే ఉన్న పాలసీ నీకు పనికిరాదు. తాళం ఎలాంటిది ఉండాలని షరతు పెట్టారో కూడా చూడు. సైకిల్ అలాగే ఉండి, ఒక్క చక్రమో సీటో పోతే చాలా పాలసీలు ఇవ్వవు. పోటీల్లో తొక్కినప్పుడు ఇవ్వవు. తుప్పుకు, అరుగుదలకు ఏ పాలసీ ఇవ్వదు, కాబట్టి వానలో తడిసిన రోజు చైను తుడిచి నూనె వేసుకునే పని నీదే.

ప్రీమియం తగ్గుతుందని విలువ తక్కువ చేసి రాయించకు. ఎనభై వేల సైకిల్‌ను నలభై వేలని రాయించావనుకో, పదివేల నష్టం జరిగితే పదివేలూ రావు. సగం విలువకే బీమా చేశావు కాబట్టి నష్టంలో కూడా సగమే, అంటే ఐదువేలే లెక్క కడతారు. ఈ లెక్క వినగానే నా బల్ల ముందు మనుషుల ముఖాలు ఎలా మారిపోయేవో నాకు ఇంకా గుర్తుంది. పాత సైకిల్‌కు తరుగుదల తీసేసి ఇస్తారా, కొత్తదాని ధర ఇస్తారా అన్నది కూడా ముందే అడుగు.

ఒకవేళ పోతే, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం తర్వాత, ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్లు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం మడికొండలో పోయినా సుబేదారిలో ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఉత్త దరఖాస్తు ఇచ్చి వచ్చేయకు, ఎఫ్‌ఐఆర్ చేయించు. దాని కాపీ నీకు ఉచితంగా ఇవ్వాలి. ఫ్రేము నెంబర్ అందులో ఉందో లేదో చూసి సంతకం పెట్టు. స్టేషన్లో తీసుకోకపోతే కమిషనర్‌కు పోస్టులో రాతపూర్వకంగా పంపవచ్చు. అదే రోజు కంపెనీకి కూడా మెయిల్ చెయ్యి. సైకిల్ దొరకలేదని పోలీసులు ఇచ్చే కాగితాన్ని కంపెనీ తర్వాత అడుగుతుంది, దాని కోసం తిరగాల్సి ఉంటుంది, ఓపిక పట్టు. కంపెనీ అన్యాయంగా కాదంటే ముందు వాళ్లకే రాతలో ఫిర్యాదు చెయ్యి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి, ఉన్నారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఏడాది లోపు వెళ్లాలి.

సైకిల్ గురించి ఇంత రాశాను కానీ నాకు అసలు టెన్షన్ నీ గురించే. ఫాతిమా బ్రిడ్జి మీద బస్సులు ఎలా వస్తాయో నాకు తెలుసు. హెల్మెట్, వెనక ఎర్ర లైటు లేకుండా ఎక్కకు. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఒప్పుకుంటే ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోయినా పూర్తిగా వికలాంగులైనా 2 లక్షలు. ఆస్పత్రి ఖర్చు దాంట్లో రాదు, దానికి మెడికల్ పాలసీ వేరే ఉండాలి. నీ సైకిల్ తగిలి ఇంకొకరికి దెబ్బ తగిలితే ఆ పరిహారం కూడా పాలసీలో ఉందేమో చూడు.

ఆదివారం పొద్దున సైకిల్ మీదే మా ఇంటికి రా. బిల్లు, పాలసీ కాగితాలు పట్టుకురా, చదివి చెబుతాను. మీ పెద్దమ్మ సర్వపిండి చేస్తానంటోంది. తిన్నాక వాకిట్లో సైకిల్ తలకిందులు చేసి ఆ నెంబర్ ఇద్దరం కలిసి రాసుకుందాం.

నీ
పెద్దబాపు